మాట తెగని పరుగు

తెలంగాణ పోలీసు నియామక మండలి 2022లో కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు నోటిఫికేషన్లు ఇచ్చినప్పుడు పురుషులకు 1600 మీటర్ల పరుగు పెట్టింది. 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే పూర్తి 60 మార్కులు. కేంద్ర బలగాల కోసం ఎస్సెస్సీ జీడీ రాసే అబ్బాయిలకు 5 కిలోమీటర్లు, 24 నిమిషాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పొద్దుగాల చీకటి విడవకముందే గ్రౌండుకొచ్చే పిల్లల్లో చాలామంది తలలో తిరిగేవి ఈ అంకెలే. స్కూలు మీట్లలో 1500, 3000 మీటర్లు పరుగెత్తే పదో తరగతి పిల్లలకూ అలాంటివే సొంత అంకెలు ఉంటాయి.

ఆ అంకెలు మనసులో ఉండటం మంచిదే. చిక్కల్లా వాటిని రోజూ గ్రౌండులోకి తీసుకురావడంలో ఉంది. 7:15 కావాలనుకున్న అబ్బాయి మొదటి రోజే ఆ వేగంతో ఉరుకుతాడు. రెండో రౌండుకు దమ్ము అందదు. మూడో రౌండుకు నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోతాడు. మర్నాడు మళ్లీ అదే. రెండు వారాల్లో కాస్త మెరుగు కనిపిస్తుంది, ఆ తర్వాత టైం అక్కడే నిలిచిపోతుంది. నెల తిరిగేసరికి ముంగాలు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షల తేదీ వచ్చేనాటికి సగంమంది నొప్పి మాత్ర వేసుకుని లైన్లో నిలబడతారు. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. వాళ్లలో కష్టపడే గుణానికి లోటు లేదు. ఆ కష్టాన్ని ఏ వేగంలో పెట్టాలో చెప్పే మనిషే దొరకలేదు.

ముందుగా 1600 మీటర్ల స్వభావం తెలుసుకోవాలి. మనవాళ్లు దాన్ని స్పీడు పరీక్ష అనుకుంటారు. ఆస్ట్రేలియా పరిశోధకులు స్పెన్సర్, గాస్టిన్ 2001లో శిక్షణ పొందిన రన్నర్ల మీద లెక్క తీశారు. కండరాలకు కావలసిన శక్తిలో ఎంత భాగం ఆక్సిజన్ సాయంతో తయారవుతోందన్నది వాళ్ల ప్రశ్న. 200 మీటర్లలో 29 శాతం, 400 మీటర్లలో 43, 800 మీటర్లలో 66, 1500 మీటర్లలో 84 శాతం అని తేలింది. అంటే నాలుగు రౌండ్ల పరుగులో ఆరింట ఐదు వంతుల పని ఊపిరితిత్తులు, గుండె, రక్తం, కండరం కలిసి చేసేదే. ఈ వాటాను తేల్చేది దూరం కన్నా పరుగు సాగిన సమయం. ఆ ప్రయోగంలోని వాళ్లకు 800 మీటర్లంటే రెండు నిమిషాల పని. మన అమ్మాయిలు అదే దూరాన్ని ఐదు నిమిషాలు పరుగెత్తుతారు కాబట్టి వాళ్ల పరుగు కూడా చాలావరకు ఆక్సిజన్ పరుగే.

న్యూజిలాండ్‌లో చెప్పులు తయారుచేసే పని చేసిన ఆర్థర్ లిడియార్డ్ ఈ సంగతిని ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నాడు. 800 మీటర్ల రన్నరైన పీటర్ స్నెల్‌ను కొండదారుల్లో 22 మైళ్లు పరుగెత్తించాడు. ఆ రోజుల్లో అది విడ్డూరం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. లిడియార్డ్ శిష్యుడే అయిన మరే హాల్బర్గ్ అదే రోజు 5000 మీటర్లు గెలిచాడు. పరుగు మానేశాక స్నెల్ అమెరికా వెళ్లి వ్యాయామ శరీరశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. తన ఒంట్లో జరిగిందేమిటో ఆయనే చదువుకుని తెలుసుకున్నాడు.

ఏం జరుగుతుంది? మెల్లగా, ఎక్కువసేపు పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాలు పిండినట్టుగా రక్తాన్ని గుండెకు తిరిగి పంపిస్తూ ఉంటాయి. ఎడమ జఠరిక ప్రతిసారీ నిండుగా నిండుతుంది. వారాలు, నెలలు అలా నిండగా నిండగా దాని గది కొంచెం పెద్దదవుతుంది. ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం పెరుగుతుంది. అందుకే మంచి దూరపు రన్నరుకు కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 50 దగ్గర ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అక్కడి నుంచి కండరం లోపలికి వెళ్దాం. పిక్కలోని ఒక్క కండర తంతువును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే చుట్టూ చుక్కల్లా కేశనాళికలు కనిపిస్తాయి. ఎర్ర రక్తకణం ఒక్కొక్కటిగా, కాస్త వంగి దూరిపోయేంత సన్నని గొట్టాలవి. వీటిలో రక్తం ఎప్పుడు ఎంత పారుతుందో కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కు 1920లో నోబెల్ వచ్చింది. క్రమం తప్పని పరుగుతో తంతువు చుట్టూ ఈ నాళాల సంఖ్య పెరుగుతుంది. ఆక్సిజన్ దిగే రేవులు ఎక్కువవుతాయి. తంతువు లోపల దాన్ని అందుకునేవి మైటోకాండ్రియా. 1967లో అమెరికాలో జాన్ హాలోజీ ఎలుకలను కొన్ని వారాలపాటు పరుగెత్తించి చూస్తే వాటి కండరాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. అప్పటిదాకా శిక్షణ అంటే గుండె సంగతే అనుకున్నవాళ్లు ఆ తర్వాత కండరం వైపు చూడటం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ మార్పులు వేగంగా పరుగెత్తినా వస్తాయి. కొన్నయితే వేగంలోనే త్వరగా వస్తాయి. మరి నెమ్మది ఎందుకంటే, వేగపు పరుగును రోజూ చేయలేం కనుక. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్, తోటి పరిశోధకులు 2007లో శిక్షణ పొందిన రన్నర్ల మీద ఒక పరీక్ష చేశారు. ఊపిరి తీరు మొదటిసారి మారే మలుపు ఒకటుంటుంది. ఆ మలుపు దాటకుండా గంట పరుగెత్తినా, రెండు గంటలు పరుగెత్తినా, ఆగిన కొద్ది నిమిషాల్లోనే గుండెను నడిపే నాడీవ్యవస్థ మామూలు స్థితికి వచ్చేసింది. మలుపు దాటితే ఆలస్యమైంది. ఆ దాటడం కొంచెమా, బాగానా అన్న తేడా పెద్దగా కనిపించలేదు. మన పిల్లలు చూడాల్సింది ఇక్కడే. మరీ వేగం కాని, నెమ్మదీ కాని ఆ నడిమి వేగానికి ఒళ్లు చెల్లించే ధర దాదాపు గట్టి పరుగుకు చెల్లించినంత. దక్కే లాభం మాత్రం అంత కాదు. రోజూ గుంపుగా, ఎవరికీ వెనకబడకుండా పరుగెత్తే పిల్లలు చేసేది సరిగ్గా ఆ వేగమే.

అదే ఏడాది స్పెయిన్‌లో ఎస్తెవె-లనావో బృందం 12 మంది రన్నర్లను రెండు జట్లు చేసి ఐదు నెలలు శిక్షణ ఇచ్చింది. ఒక జట్టు సమయంలో 80 శాతం సులువు పరుగే. రెండో జట్టు సులువు తగ్గించి నడిమి వేగం పెంచింది. గట్టి పరుగు రెండు జట్లకూ సమానం. చివర 10.4 కిలోమీటర్ల పోటీ పెడితే మొదటి జట్టు సగటున 157 సెకన్లు మెరుగైంది, రెండోది సుమారు 121. పన్నెండు మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. కానీ కెన్యా రన్నర్ల గుంపులు తెల్లవారుజామున ఎంత నిదానంగా కదులుతాయో చూసినవాళ్లకు ఈ ఫలితం కొత్తగా అనిపించదు. 2022లో బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో, అంటే కిలోమీటరుకు 2 నిమిషాల 52 సెకన్ల చొప్పున పరుగెత్తిన ఎలియుడ్ కిప్చోగే కూడా సులువు రోజున ఆ వేగం దరిదాపుల్లోకి పోడు.

ఇక అసలు ప్రశ్న: సులువు వేగం ఎంతో ఎలా తెలుస్తుంది? గడియారం కన్నా ముందు నోరు చెబుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, లా క్రాస్ కేంద్రంలో కార్ల్ ఫాస్టర్ బృందం దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాళ్ల చేత ఒక పేరా చెప్పించేవాళ్లు. కొన్ని ప్రయోగాల్లో అమెరికా పిల్లలు బళ్లో చెప్పే దేశభక్తి ప్రతిజ్ఞనే వాడారు. చెప్పడం అయ్యాక, ‘హాయిగా మాట్లాడగలుగుతున్నావా?’ అని అడుగుతారు. ‘ఆఁ’ అంటే ఆ మలుపుకు కిందే ఉన్నట్టు. ‘ఏమో, కష్టం మీద’ అంటే మలుపు మీద ఉన్నట్టు. ‘లేదు’ అంటే దాటేసినట్టు. లక్షల ఖరీదు చేసే యంత్రాలతో కొలిచిన కొలతకు ఈ జవాబు చాలా దగ్గరగా వచ్చింది.

మన పిల్లలకు దీనికోసం కొత్త పేరా ఏదీ వెతకనక్కర్లేదు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులో రాసిన ప్రతిజ్ఞ బడికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ కంఠస్థమే. దాన్ని పరుగులో చెప్పి చూడండి. ప్రార్థన సమయంలో చెప్పినట్టు, వాక్యం మధ్యలో తెగకుండా, అందరికీ వినపడేలా వస్తే అది సరైన వేగం. రెండు మూడు మాటలకోసారి గాలి పీల్చాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. పాడగలిగేంత తేలిగ్గా ఉంటే? కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అదీ తప్పు కాదు.

కోరుట్ల దగ్గర కాల్వ కట్ట మీద ఇద్దరు పరుగెత్తుతున్నారనుకోండి. చిన్నవాడు అడుగుతాడు: “గింత మెల్లగ ఉరికితే టైం ఎట్ల వస్తదన్నా?” పెద్దవాడి జవాబు: “నాతోని ముచ్చట పెట్టుకుంట రా తమ్మీ, టైం దానంతట అదే వస్తది.” ఆ చిన్నవాడు అంత పొడుగు ప్రశ్నను ఒక్క ఊపిరిలో అడగగలిగాడంటేనే అతని వేగం బాగున్నట్టు. పది నిమిషాల తర్వాత అతని జవాబులు ‘ఊఁ’, ‘ఆఁ’ల్లోకి దిగితే పెద్దవాడు వేగం తగ్గించాలి. జంటగా పరుగెత్తేటప్పుడు నెమ్మదైనవాడి నోరే ఇద్దరికీ గడియారం.

అంకె కూడా కావాలనేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి నాడి. గరిష్ఠ గుండె వేగానికి శాస్త్రవేత్తలు వాడే ఒక సూత్రం, 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయడం. 18 ఏళ్లవాడికి అది సుమారు 195. అందులో 65 నుంచి 75 శాతం అంటే నిమిషానికి 127 నుంచి 147. పరుగు ఆపిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టండి. 21 నుంచి 24 కొట్టులు వస్తే సరిపోయింది. అర నిమిషం ఆలస్యం చేస్తే నాడి దిగిపోయి లెక్క తప్పుతుంది. సూత్రం చెప్పేది సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ పది, పదిహేను కొట్టుల తేడా సహజం కాబట్టి నోరూ నాడీ చెరో మాట చెబితే నోటి మాటే వినాలి.

రెండో దారి ఒక ముతక లెక్క. ఇవాళ మీరు 1600 మీటర్లు పూర్తి బలంతో ఎంతలో కొట్టగలరో చూసుకోండి. ఆ వేగానికి ఒకటిన్నర రెట్లు సమయం తీసుకుంటే సులువు వేగం మొదలవుతుంది. 5:30 కొట్టేవాడికి 400 మీటర్ల రౌండు దాదాపు 82 సెకన్లు. సులువు రోజున అదే రౌండుకు 2 నిమిషాల 4 సెకన్లు, కిలోమీటరుకు 5:09. 7:15 కొట్టేవాడికి రౌండు 1:49 అవుతుంది, సులువులో 2:43, కిలోమీటరుకు 6:48. ఇంకా నిదానంగా వెళ్లినా నష్టం లేదు. ఈ లెక్కలో ముఖ్యమైన మాట ‘ఇవాళ’. ప్రస్తుతం 8:30 పట్టేవాడు నోటిఫికేషన్‌లోని 7:15ను పట్టుకుని లెక్క వేస్తే రోజూ నడిమి వేగంలోనే కొట్టుకుంటాడు. అతని సులువు వేగం కిలోమీటరుకు 8 నిమిషాలు. అది నడకకు దగ్గరే. 800 మీటర్లకు ఐదు నిమిషాలు దాటే అమ్మాయికి ఈ లెక్క నేరుగా నడక వేగాన్నే చూపిస్తుంది. అలాంటప్పుడు రెండు నిమిషాలు జాగింగ్, ఒక నిమిషం నడక చొప్పున 25 నిమిషాలు చేయాలి. మధ్యలో నడిచానని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గుండెకు పని పడుతూనే ఉంటుంది.

మన నేలకు వచ్చేసరికి ఈ లెక్కలన్నిటినీ ఎండ సవరిస్తుంది. జగిత్యాల జిల్లాలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మే నెలలో తెల్లవారుజామున కూడా గోడలు, రోడ్లు వేడిని వదలవు. ఒంట్లో వేడి బయటికి పోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. కండరాలకు వాటా తగ్గకుండా చూసేందుకు గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అందుకే జనవరిలో 140 నాడితో పరుగెత్తిన వేగమే మేలో 155 అడుగుతుంది. వేగం ఎంతైనా ఒంటికి తెలిసేది శ్రమే కాబట్టి వేసవిలో కిలోమీటరుకు అర నిమిషం, ముప్పావు నిమిషం వదిలేయడం తెలివైన పని. సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసి తెల్లారి గ్రౌండుకు వచ్చే కుర్రాడికీ ఇదే వర్తిస్తుంది. నిద్ర లేని రోజున నాడి మామూలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ రోజు పడుకోవడమే అతని శిక్షణ అని నా గట్టి అభిప్రాయం.

ఎక్కడ పరుగెత్తాలన్నదీ వేగాన్ని మారుస్తుంది. కోరుట్ల మీదుగా మెట్‌పల్లికీ జగిత్యాలకూ పోయే 63వ నంబరు జాతీయ రహదారి అంచున పరుగెత్తే పిల్లలు కనిపిస్తుంటారు. వెనక లారీ హారన్ కొడితే ఎవరైనా తెలియకుండానే వేగం పెంచుతారు. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది కనుక ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. కాల్వ కట్టల మట్టిదారి, సిరిసిల్లలో మానేరు ఒడ్డు, కాలేజీ గ్రౌండు అంతకన్నా చాలా మేలు. అయితే చీకట్లో కట్ట మీదికి ఒంటరిగా పోవద్దు.

ఇప్పటిదాకా చెప్పింది 18 దాటినవాళ్లకు. 12 నుంచి 15 ఏళ్ల పిల్లల సంగతి ఇంకా సున్నితం. ఆడపిల్లలు పన్నెండు, మగపిల్లలు పద్నాలుగేళ్ల చుట్టుపక్కల అన్నిటికంటే వేగంగా ఎత్తు పెరుగుతారు. ఎముక చివర్లలో పెరిగే భాగం అప్పుడు మెత్తని మృదులాస్థి. తొడ కండరం మోకాలి కింద అతుక్కునే చోట లాగి లాగి బొడిపె కట్టి నొప్పి పెడుతుంది. 1903లో ఇద్దరు వైద్యులు విడివిడిగా వర్ణించిన ఈ బాధకు వాళ్ల పేర్లతోనే ఆస్‌గుడ్–ష్లాటర్ అని పేరు. మడమ వెనక వచ్చేదాన్ని సీవర్స్ అంటారు. గుండె, కండరం వారాల్లో బలపడతాయి, స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. పిల్లవాడికి దమ్ము వచ్చేసింది కదా అని పీఈటీ సార్లు రౌండ్లు పెంచితే దెబ్బ పడేది ఈ తేడాలోనే. ఆ వయసులో 20 నుంచి 30 నిమిషాల మాటల పరుగు వారానికి మూడు నాలుగు రోజులు చాలు. మిగతా రోజుల్లో కబడ్డీ, ఖోఖో ఆడనివ్వండి.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తక్కువైతే సులువు వేగం కూడా సులువుగా ఉండదు. నెల రోజులు నెమ్మదిగా పరుగెత్తినా మెట్లెక్కితే ఆయాసం తగ్గడం లేదంటే సోమరితనమని తిట్టే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించాలి. తోటకూర, గుడ్డు, కాలేయం తింటూ కూడా అన్నం తినగానే చాయ్ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. చాయ్‌ని గంట ఆగి తాగితే చాలు.

మరి వేగం ఎప్పుడు? వారంలో రెండు రోజులు, వాటి మధ్య కనీసం రెండు సులువు రోజులతో. 7:15 కావాలనుకున్నవాడు ఒక రోజు 400 మీటర్లను 1:49 వేగంతో ఐదు సార్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడకతో కొట్టవచ్చు. ఇంకో రోజు సులువు పరుగు చివర 80 మీటర్ల చొప్పున ఐదారు వేగపు పరుగులు. సులువు రోజులు నిజంగా సులువుగా గడిస్తేనే ఆ రెండు రోజుల్లో కాళ్లు తాజాగా ఉంటాయి. గుంపులో ఎవరో దాటిపోయారని మంగళవారం రోషపడినవాడు బుధవారం 400లు కొట్టలేడు.

పనిచేస్తోందా లేదా అని తెలియడానికి పరీక్ష వేగంతో మాటిమాటికీ 1600 కొట్టి చూసుకోవద్దు. నెలకోసారి, ఒకే గ్రౌండులో, ఒకే గంటకు, 3 కిలోమీటర్లు ఒకే నాడితో, పది సెకన్లకు 23 కొట్టుల దగ్గర, పరుగెత్తి సమయం నోట్‌బుక్కులో రాసుకోవాలి. మొదటి నెల 21 నిమిషాలు పట్టినదానికి మూడో నెలలో 19 నిమిషాల చిల్లర పడితే లోపల కేశనాళికలు, మైటోకాండ్రియా తమ పని చేస్తున్నట్టే. పక్కనే పొద్దున మంచం దిగకముందు చూసిన నాడిని, ఆ రోజు ఎండ ఎంతుందో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాయండి. సమయం తగ్గకపోతే ముందు చూడాల్సింది ఆ మూడు గడులు. వేగం పెంచాలా అన్న ఆలోచన వాటి తర్వాతే.